వెయిట్‌లిస్ట్ వచ్చింది, ఆశ పెట్టుకోవాలా వదిలేయాలా?

మీరు రాసింది నాకర్థమైనట్టు ఒకసారి చెప్తానండీ, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. పాప ట్వెల్త్ గ్రేడ్, కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేసింది, మార్చి చివర్లో రిజల్ట్స్ వచ్చాయి, చాలా చోట్ల రిజెక్ట్, మూడు చోట్ల వెయిట్‌లిస్ట్, రెండు చోట్ల సీటు, అందులో ఒకటి మీ స్టేట్ యూనివర్సిటీలో హానర్స్ (బాగా చదివేవాళ్ళకి పెట్టే ప్రత్యేక ప్రోగ్రామ్). కానీ ఇంట్లో ఆ రెండు సీట్ల ఊసే ఎవరూ ఎత్తట్లేదు, మీవారు పొద్దున కాఫీ తాగకముందే పోర్టల్ ఓపెన్ చేస్తున్నారు, పాప గదిలోంచి బయటికి రావట్లేదు, అత్తగారు ఇండియా నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "తేలిందా లేదా" అంటున్నారు. ఆశ పెట్టుకోవాలా వదిలేయాలా అన్నారు.

నేను ఇక్కడ అమెరికాలో ఒక పబ్లిక్ హైస్కూల్లో కౌన్సెలర్‌ని, చాలా ఏళ్లుగా ఇదే పని, మా స్కూల్లో మన తెలుగు పిల్లలు బాగానే ఉంటారు, కాబట్టి ఏప్రిల్ వచ్చిందంటే మీలాంటి తల్లిదండ్రులతోనే నాకు సగం రోజు గడుస్తుంది. సూటిగా చెప్పేస్తా. వెయిట్‌లిస్ట్‌ని "రాలేదు" కిందే లెక్కేసుకోండి. చేయాల్సిన పనులు మూడున్నాయి, అవి ఒక వారంలో చేసి పారేయండి, ఆ తర్వాత ఆ విషయం ఇంట్లో ఎత్తొద్దు. వస్తే వచ్చింది, అది బోనస్. ఇది ఓదార్పు కోసం చెప్పట్లేదు, ఆ లిస్ట్ నడిచే పద్ధతే అలాంటిది.

మనకి వెయిట్‌లిస్ట్ అనగానే బుర్రలో రైలు టికెట్టే తిరుగుతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి తీస్తే డబ్ల్యూఎల్ 34 వస్తుంది, రెండ్రోజులకి 19 అవుతుంది, చార్ట్ పడేటప్పటికి ఆర్ఏసీ, ఎలాగోలా ఎక్కేస్తాం. అందుకే మీవారు రోజూ పోర్టల్ చూస్తున్నారు, నంబర్ కదిలిందేమో అని. ఇక్కడ చాలా కాలేజీల్లో అసలు నంబరే ఉండదండీ. ర్యాంక్ చేసే కాలేజీలు కొన్ని ఉన్నాయి కానీ ఎక్కువ చోట్ల అది వరస కాదు, ఒక పెద్ద గుంపు, అందులోంచి వాళ్ళకి ఆ రోజు ఎవరు కావాలో వాళ్ళని తీస్తారు. నిన్న ఇద్దరు తప్పుకున్నారు కాబట్టి ఇవాళ మన పాప రెండడుగులు ముందుకొచ్చింది అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

ఎందుకంటే, ఒక కాలేజీకి ఫస్టియర్లో 1500 మంది కావాలనుకోండి, 1500 మందికే సీట్లిస్తే అందరూ చేరరు కదా, పిల్లలు నాలుగైదు చోట్ల సీట్లు తెచ్చుకుంటారు. అందుకని పాత ఏళ్ల లెక్క చూసుకుని ఎంతమందికి ఆఫర్ ఇస్తే ఎంతమంది చేరతారో అంచనా వేసి ఎక్కువ మందికి ఇస్తారు, ఆ చేరే శాతాన్ని వాళ్ళు యీల్డ్ అంటారు. మే 1 సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టడానికి ఆఖరి రోజు, చాలా కాలేజీలకి అదే తేదీ. ఆ రాత్రి లెక్క చూసుకుంటారు. అంచనా సరిపోయిందా, ఇంక వెయిట్‌లిస్ట్ జోలికే పోరు, మీ పాప ఎంత బ్రైట్ అయినా సరే. తక్కువ పడిందా, అప్పుడు ఎక్కడ తక్కువ పడిందో చూస్తారు. ఇంజనీరింగ్‌లో నిండిపోయి హిస్టరీలో ఖాళీ ఉండొచ్చు, బయటి రాష్ట్రాల పిల్లలు తగ్గి ఉండొచ్చు, ఒక్కోసారి ఫీజు పూర్తిగా కట్టగలిగేవాళ్ళు కావాల్సి రావొచ్చు. ఆ ఖాళీకి సరిపడే పిల్లలకి ఫోన్ పోతుంది. పాప ఫైల్ మళ్ళీ మొదట్నుంచీ చదివి "అరె ఈ అమ్మాయిని మిస్ అయ్యామే" అనుకునే సీన్ ఎక్కడో నూటికో కోటికో ఒకటి.

పైనుంచి కిందకి గొలుసు కదిలినట్టు కూడా ఉంటుంది, పేరున్న ఒక కాలేజీ వెయిట్‌లిస్ట్ నుంచి వంద మందిని తీసుకుంటే ఆ వంద మంది అప్పటికే ఎక్కడో డిపాజిట్ కట్టినవాళ్ళే కదా, అక్కడ వంద ఖాళీలు, వాళ్ళు మళ్ళీ తమ లిస్ట్ తెరుస్తారు. అందుకే ఎక్కువ కదలిక మే మొదటి రెండు మూడు వారాల్లో, తర్వాత జూన్ దాకా చినుకులు, జూలైలో ఎవరో ఒకరిద్దరు. 2024లో ఫాఫ్సా ఫామ్ (ప్రభుత్వ ఫీజు సాయానికి పెట్టే అప్లికేషన్) గందరగోళం వల్ల చాలా కాలేజీలు మే 1 గడువుని మే 15కో ఇంకా తర్వాతకో జరిపాయి, ఆ ఏడాది ఈ క్యాలెండర్ అంతా పక్కకి పోయింది. 2020లో కోవిడ్ వచ్చి ఎవరు చేరతారో ఎవరు మానుకుంటారో కాలేజీలకే తెలీని పరిస్థితి, అప్పుడు స్టాన్‌ఫర్డ్ వెయిట్‌లిస్ట్ నుంచి 259 మందిని తీసుకుంది, అదే పేరున్న కాలేజీల్లో కొన్నేళ్లు ఒక్కళ్ళని కూడా తీసుకోని సందర్భాలున్నాయి. పిల్లల్లో ఏం మారింది ఆ ఏళ్ల మధ్య? ఏమీ మారలేదు, కాలేజీ లెక్క మారింది అంతే.

మీ మూడు కాలేజీల సంగతి మీరే చూసుకోవచ్చు. కాలేజీ పేరు పక్కన కామన్ డేటా సెట్ అని కొట్టి వెతకండి, చాలావరకు ప్రతి ఏడాదిదీ పీడీఎఫ్ పెడతారు, అందులో సీ2 అనే భాగంలో వెయిట్‌లిస్ట్ లెక్క ఉంటుంది. ఎంతమందికి వెయిట్‌లిస్ట్ ఇచ్చారు, ఎంతమంది ఉంటామన్నారు, చివరికి ఎంతమందికి సీటిచ్చారు, లిస్ట్‌కి ర్యాంక్ ఉందా లేదా. ఒక్క ఏడాది చూసి ఊరుకోకండి, నాలుగైదేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి, ఒక ఏడాది వందల్లో ఉంటుంది, మరుసటేడు సున్నా. దేశం మొత్తం మీద అడ్మిషన్ కౌన్సెలర్ల సంఘం నాకాక్ 2019 రిపోర్ట్‌లో చెప్పిన ప్రకారం, లిస్ట్‌లో ఉంటామన్న వాళ్ళలో సగటున 20 శాతానికి సీటొచ్చింది, సెలెక్టివ్ కాలేజీల్లో అది 7 శాతం. మన వాళ్ళు అప్లై చేసేవన్నీ ఆ రెండో రకమే కదా. పాప చూస్తానంటే ఆ పీడీఎఫ్ పాపకి కూడా చూపించండి, చాలామంది పిల్లలకి అంకెలు చూశాక మనసు తేలికపడుతుంది, వాళ్ళకి "మంచిగా అనుకో, మంచే జరుగుతుంది" లాంటి మాటల కంటే అదే నయం.

ఇంకో విషయం, ఇది మీవారికి చెప్పండి. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే ఎకనామిస్టులు ఐవీ లీగ్, ఇంకా ఆ స్థాయి కాలేజీల మీద పెద్ద స్టడీ చేశారు, అందులో వాడుకున్నది వెయిట్‌లిస్ట్ పిల్లల్నే. ఒక కాలేజీ వెయిట్‌లిస్ట్ నుంచి ఎవరికి సీటొచ్చింది ఎవరికి రాలేదు అని చూసి, ఆ ఇద్దరికీ మిగతా కాలేజీల్లో సీట్లు వచ్చిన తీరు పోలిస్తే పెద్ద తేడా కనపడలేదు. అంటే వచ్చినవాళ్ళు రానివాళ్ళ కంటే మెరుగు అని మిగతా కాలేజీలు అనుకోలేదు, ఆ ఒక్క కాలేజీకి ఆ రోజు పడిన అవసరమే తేడా. సరే ఆ స్టడీలో ఇంకో సగం కూడా చెప్పాలి, లేకపోతే మీవారే వెతికి చదివి నన్ను పట్టుకుంటారు. అలాంటి కాలేజీకి వెళ్తే సగటు సంపాదనలో పెద్ద తేడా రాలేదు గానీ, టాప్ 1 శాతం సంపాదనలోకి చేరే అవకాశం దాదాపు సగం మేర పెరిగింది, పేరున్న కంపెనీలు, పేరున్న గ్రాడ్యుయేట్ స్కూళ్ళలోకి వెళ్ళడం కూడా పెరిగింది. కాబట్టి "ఏ కాలేజైనా ఒకటేలే" అని నేను అనను, పాప కూడా నమ్మదు. బాధ పడటానికి కారణం ఉంది. తనని తాను తిట్టుకోవడానికి మాత్రం లేదు.

సరే, చేయాల్సిన పనులు. మొదటిది, పోర్టల్లో లిస్ట్‌లో ఉంటాను అని నొక్కాలి, వెయిట్‌లిస్ట్ ఇచ్చినంత మాత్రాన ఉన్నట్టు కాదు, చాలా చోట్ల ఒప్పుకుంటేనే లెక్కలోకి వస్తారు, దానికి గడువుంటుంది, యూసీలకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకి) సాధారణంగా ఏప్రిల్ 15 దగ్గర్లో. కానీ మూడింటికీ కళ్ళు మూసుకుని నొక్కొద్దు. పాపని కూర్చోబెట్టి ఒక్కోదానికీ అడగండి, ఇప్పుడు చేతిలో ఉన్న హానర్స్ సీటు వదిలేసి దీనికి వెళ్తావా అని. ఒకదానికి "ఏమో, పేరు కోసం వెళ్తానేమో" అంటుంది చూడండి, దాన్ని ఇప్పుడే వదిలేయండి. మూడు గుదిబండల్లో ఒకటి తగ్గినా తగ్గినట్టే, పైగా తనే ఒక కాలేజీకి "వద్దు" చెప్పిందన్న తృప్తి ఉంటుంది, ఈ ఏప్రిల్ అంతా అందరూ తనకి వద్దు చెప్పినవాళ్ళే కదా.

రెండోది, మే 1 లోపు సీటొచ్చిన రెండిట్లో ఒకదానికి డిపాజిట్ కట్టండి. ఒకచోట కట్టి ఇంకోచోట వెయిట్‌లిస్ట్‌లో ఉండటం తప్పేం కాదు, అందరూ చేసేదే. రెండు చోట్ల డిపాజిట్ కట్టి ఆగస్టు దాకా చూద్దాం అనేవాళ్ళు ఉన్నారు మన గ్రూపుల్లో, అది చేయకండి, తెలిస్తే రెండు సీట్లూ పోయే ప్రమాదం ఉంది, పైగా మన పాప లాంటి ఇంకో పిల్లకి రావాల్సిన సీటు అది. రేపు వెయిట్‌లిస్ట్ నుంచి పిలుపొస్తే ఈ డిపాజిట్ తిరిగి రాదు, కొన్ని వందల డాలర్లు, అంతవరకు సిద్ధపడండి.

మూడోది ఉత్తరం. దాన్ని లెటర్ ఆఫ్ కంటిన్యూడ్ ఇంటరెస్ట్ అంటారు, పిల్లలు లోసీ అంటారు. ముందు ఆ కాలేజీ మెయిల్ పూర్తిగా చదవండి, కొన్ని "ఏమీ పంపొద్దు" అని రాస్తాయి, అప్పుడు నిజంగానే పంపొద్దు, కొన్ని పోర్టల్లో ఒక బాక్స్ ఇస్తాయి, అందులోనే రాయాలి. పంపొచ్చంటే ఒక పేజీ కూడా ఎక్కువే, 300 మాటలు చాలు, పాపే రాయాలి. తండ్రులు రాసిన ఉత్తరం మొదటి లైన్లోనే తెలిసిపోతుందండీ, పదిహేడేళ్ల పిల్ల "మీ గౌరవనీయ సంస్థ" అనదు కదా.

అందులో ఏముండాలి? అప్లికేషన్ పంపిన తర్వాత కొత్తగా ఏం జరిగిందో అది. "చిన్నప్పట్నుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణం, మీ ర్యాంకింగ్ చాలా గొప్పది" అని రాస్తే వాళ్ళకి ఏం తెలిసింది? మా స్కూల్లో ఒకబ్బాయి రాసింది నాకు బాగా గుర్తు. వాడు టౌన్ లైబ్రరీలో శనివారాలు పెద్దవాళ్ళకి ఫోన్ వాడటం నేర్పేవాడు, జనవరి తర్వాత వచ్చినవాళ్ళందరూ ఒకటే అడగడం మొదలుపెట్టారట, ఈ బ్యాంక్ మెసేజ్ నిజమా దొంగదా అని. వాడు దొంగ మెసేజ్‌లు పోగేసి, పెద్ద అక్షరాలతో ఒక షీట్ తయారుచేసి, ఏది చూస్తే అనుమానించాలో బాణం గుర్తులు వేసి లైబ్రరీ కౌంటర్ దగ్గర పెట్టాడు, ఒకావిడ ఆ షీట్ పట్టుకొచ్చి "నా కొడుక్కి ఇంకోటివ్వు" అందట. ఇదంతా ఏడెనిమిది లైన్లు, తర్వాత ఆ కాలేజీలో ఏ ప్రొఫెసర్ ల్యాబ్‌లో ఇలాంటి పని జరుగుతోందో రెండు లైన్లు, మూడో క్వార్టర్ గ్రేడ్లు ఒక లైను, సీటిస్తే తప్పకుండా చేరతాను అని ఒక లైను. ఇంత మంచి ఉత్తరం నేను తక్కువ చూశాను. సీటు రాలేదు. ఉత్తరం బాగుంటే సీటొస్తుందని కాదు, ఖాళీ ఏర్పడిన రోజు ఫైల్లో ఉండాల్సింది ఉండాలి అంతే.

ఆ "తప్పకుండా చేరతాను" అన్న మాట ఒక్క కాలేజీకే రాయించండి, మూడింటికీ రాయొద్దు, నిజమైతేనే రాయాలి. ఉత్తరం ఒక్కసారే, వారం వారం మెయిళ్ళు వద్దు, మీరు ఫోన్ చేయడం అసలే వద్దు, తెలిసినాయన పెద్ద కంపెనీలో వైస్ ప్రెసిడెంట్ అని ఆయనతో రికమెండేషన్ రాయించడాలూ వద్దు. స్కూల్ కౌన్సెలర్‌కి మాత్రం ఏ కాలేజీ ఫస్ట్ ఛాయిసో చెప్పి పెట్టండి, కాలేజీ అడ్మిషన్ ఆఫీసులు ఏమైనా కనుక్కోవాలంటే మాకే ఫోన్ చేస్తాయి. మాలో ఒక్కొక్కళ్ళ మీద వందల మంది పిల్లలుంటారు, మీరు చెప్పకపోతే మాకు తెలీదు. ఇక వెయిట్‌లిస్ట్ ప్యాకేజ్ అని డబ్బులు గుంజే కన్సల్టెంట్లు ఈ నెలలోనే మెయిళ్ళు పంపుతుంటారు, ఆ డబ్బుతో పాపకి హాస్టల్ సామాన్లు కొనండి.

సీఎస్ (కంప్యూటర్ సైన్స్) గురించి ఒక మాట. ఉత్తరంలో "సీఎస్ కాకపోతే ఇంకేదైనా సరే" అని రాస్తే అవకాశం పెరుగుతుందని ఎవరో చెప్పారన్నారు. వద్దండీ. చాలా చోట్ల వేరే మేజర్‌లో చేరి తర్వాత సీఎస్‌లోకి మారడం మహా కష్టం, వాషింగ్టన్ యూనివర్సిటీ సియాటిల్ లాంటి చోట్ల అయితే మరీను. సీఎస్ చదవాలని ఉన్న పిల్ల, సీఎస్ ఇచ్చిన కాలేజీని వదిలేసి, సీఎస్ దొరకని కాలేజీకి పేరు కోసం పోవడం నాకైతే నచ్చదు.

ఇప్పుడు అసలు కష్టం, ఇల్లు.

మనం ఎంసెట్ కాలం నుంచి వచ్చినవాళ్ళం. అక్కడ ర్యాంకు వస్తుంది, కటాఫ్ ఉంటుంది, పోయిన ఏడాది ఫలానా కాలేజీ ఎంత ర్యాంకు దాకా వచ్చిందో పేపర్లో ఉంటుంది, సీటు పోతే ఎక్కడ పోయిందో తెలుసు, ఫిజిక్స్‌లో నాలుగు ప్రశ్నలు. ఇక్కడ అలాంటిదేం లేదు, కారణం ఎవరూ చెప్పరు. కారణం లేకపోతే మనకి నిద్ర పట్టదు కాబట్టి మనమే వెతుకుతాం. ఎస్సే మార్చమంటే వినలేదు, జూనియర్ ఇయర్లో ఆ బీ రాకుండా ఉండాల్సింది, డ్యాన్స్ మానేసి రీసెర్చ్ చేసుంటే బాగుండేది, పక్కవీధి వాళ్ళబ్బాయికి ఎలా వచ్చింది. ఇదంతా వంటింట్లో మాట్లాడుకుంటాం, పాప గది తలుపు వేసుందిలే అనుకుంటాం. తలుపు వేసున్నా వినపడుతుందండీ. నా ఆఫీసులో కూర్చుని ఏడ్చే పిల్లల్లో ఎక్కువమంది కాలేజీ రాలేదని ఏడవరు, "మా నాన్న నాతో మామూలుగా ఉండట్లేదు" అని ఏడుస్తారు. అందుకే ఆ పోస్ట్‌మార్టం ఆపేయండి, ముఖ్యంగా ఆ బీ గ్రేడ్ సంగతి.

పోర్టల్ పాస్‌వర్డ్ పాపని మార్చేయమనండి. నవ్వులాటకి కాదు, నిజంగానే. సీటిస్తే వాళ్ళు ఫోన్ చేస్తారు లేదా మెయిల్ చేస్తారు, పోర్టల్ రోజూ చూసినందువల్ల ఒరిగేదేం లేదు, తండ్రి చూస్తున్నాడని తెలిస్తే పాప కూడా చూస్తుంది. దాని బదులు ఈ చిన్న పనులు చేసుకోండి: పాప ఫోన్లో తెలియని నంబర్లని సైలెంట్ చేసే సెట్టింగ్ ఉంటే తీసేయండి, వాయిస్‌మెయిల్ సెటప్ చేసి ఉందో లేదో చూడండి, ఈ కాలం పిల్లల్లో సగం మందికి అది నిండిపోయి ఉంటుంది. అప్లికేషన్‌లో స్కూల్ ఇచ్చిన మెయిల్ ఐడీ వాడుంటే పోర్టల్లో సొంత ఐడీకి మార్పించండి, గ్రాడ్యుయేషన్ అయ్యాక చాలా డిస్ట్రిక్టులు ఆ ఐడీలు మూసేస్తాయి, జూన్‌లో వచ్చిన మెయిల్ ఎవరికీ కనపడకుండా పోయే అవకాశం ఉంది.

బంధువులకీ, ఉగాది పార్టీల్లో ప్లేట్ పట్టుకుని "ఎక్కడొచ్చిందమ్మా" అని అడిగేవాళ్ళకీ ఒకటే వాక్యం తయారు చేసుకోండి. ఫలానా యూనివర్సిటీలో హానర్స్‌లో చేరుతోందండి, కంప్యూటర్ సైన్స్. అక్కడ ఆపేయాలి. మనవాళ్ళు ఆపరు, వెంటనే "కానీ ఇంకో మూడు చోట్ల వెయిట్‌లిస్ట్‌లో ఉంది, చూడాలి" అని తోక తగిలిస్తారు. పాప పక్కనే ఉండి ఆ "కానీ" వింటుంది, తనకొచ్చిన సీటు సీటే కాదన్నమాట అనుకుంటుంది. అత్తగారికి కూడా అదే వాక్యం చెప్పండి, తేలిపోయిందత్తయ్యా అని చెప్పండి. నిజంగా తేలిపోయినట్టే కదా.

పాపతో ఏం మాట్లాడాలి అంటే, మొదట్లో ఏమీ మాట్లాడక్కర్లేదు. అంతా మన మంచికే, దేవుడు ఇంకేదో రాసిపెట్టాడు లాంటివి రెండు నెలల తర్వాత పనికొస్తాయేమో గానీ ఇప్పుడు వద్దు, అది విన్నప్పుడు తన బాధని మనం త్వరగా సర్దేయాలని చూస్తున్నట్టు ఉంటుంది పిల్లలకి. భోజనానికి పిలవండి, రాకపోతే ప్లేట్ గదికి తీసుకెళ్ళి పక్కన కూర్చోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. కొన్నాళ్ళు ఇన్‌స్టాగ్రామ్ తీసేస్తానంటే మంచిదే, ఈ నెలంతా అందరూ కాలేజీ టీషర్టులు వేసుకుని ఫోటోలు పెడతారు, మే 1న స్కూల్లో కూడా అదే తంతు. ఆ రోజుకి పాపకి డిపాజిట్ కట్టిన కాలేజీ టీషర్ట్ తెప్పించండి, తనే వేసుకుంటుందో లేదో తన ఇష్టం, బలవంతం చేయొద్దు.

డిపాజిట్ కట్టిన కాలేజీకి అడ్మిటెడ్ స్టూడెంట్స్ డే ఉంటుంది, దానికి వెళ్ళండి, మీవారు కూడా రావాలి. అక్కడ హానర్స్ వాళ్ళ ఆఫీసులో కూర్చుని ఫస్టియర్ నుంచే రీసెర్చ్‌లోకి ఎలా వెళ్ళాలి, క్లాసులో ఎంతమంది ఉంటారు, సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి ఏ కంపెనీలు వస్తాయి అని మీరెప్పుడూ అడగని ప్రశ్నలు అడగండి. పేరున్న కాలేజీ గురించి ఇవన్నీ నోటికి చెప్పే తండ్రులు, పిల్లకి సీటొచ్చిన కాలేజీ వెబ్‌సైట్ ఒక్కసారి కూడా తెరవకపోవడం నేను చాలాసార్లు చూశాను. రూమ్మేట్‌ని వెతుక్కునే గ్రూపుల్లో పాపని చేరమనండి, ఒక్క మనిషి పరిచయమైతే చాలు, ఆ ఊరు మీద మనసు అదే పోతుంది.

చేరకముందే ట్రాన్స్‌ఫర్ ప్లాన్ వేసే తల్లిదండ్రులున్నారు, ఒక ఏడాది ఇక్కడ చదివి అక్కడికి మారిపో అని. పద్ధతి ప్రకారం ఉన్న దారులు ఉన్నాయి, కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి ఆరు యూసీలకి ట్యాగ్ అనే గ్యారంటీ ఉంది, కార్నెల్ కొందరికి ట్రాన్స్‌ఫర్ ఆప్షన్ ఇస్తుంది, అలాంటి ఆఫర్ చేతిలో ఉంటే ఆలోచించండి. లేకుండా ఊరికే మనసులో పెట్టుకుని వెళ్తే పాప అక్కడ ఫ్రెండ్స్‌ని చేసుకోదు, క్లబ్బుల్లో చేరదు, ఏడాదంతా సూట్‌కేస్ సర్దుకుని కూర్చున్నట్టే ఉంటుంది. ఫస్టియర్ అయ్యాక తనే అడిగితే అప్పుడు చూద్దురు.

చదువు మాత్రం వదలనివ్వొద్దు. మే మొదటి రెండు వారాల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు, సరిగ్గా అప్పుడే లిస్టులు కదులుతాయి, మనసు అక్కడ పెట్టి ఇక్కడ పాడు చేసుకుంటారు. ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ జూన్‌లో కాలేజీకి వెళ్తుంది, గ్రేడ్లు బాగా పడిపోతే ఉన్న సీటు కూడా వెనక్కి తీసుకుంటారు, అది చూసిన ఏళ్లు కూడా ఉన్నాయి నాకు.

ఒకటి మాత్రం సీరియస్‌గా తీసుకోండి. గదిలో ఉండటం రెండు మూడు వారాలు మామూలే. కానీ తిండి, నిద్ర పూర్తిగా పోయినా, "నేను దేనికీ పనికిరాను", "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాటలు వచ్చినా అది కాలేజీ బాధ కాదు, వెంటనే డాక్టర్‌కి చూపించండి, స్కూల్ కౌన్సెలర్‌కి చెప్పండి, ఇలాంటి కష్టాలకోసమే ఉన్న హెల్ప్‌లైన్ 988కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు. నలుగురికీ తెలుస్తుందేమో అని ఆగొద్దు.

ఇక డబ్బు. ఇది మన వాళ్ళు ఫోన్ వచ్చాక ఆలోచిస్తారు, అప్పటికి టైం ఉండదు. వెయిట్‌లిస్ట్ నుంచి పిలిస్తే రెండు మూడు రోజుల్లో చెప్పమంటారు, కొన్నిసార్లు ఒక్క రోజే. మెరిట్ స్కాలర్‌షిప్పులు అప్పటికే పంచేసి ఉంటారు, ఎయిడ్ (ఫీజు సాయం) బడ్జెట్ కూడా చాలా చోట్ల అయిపోతుంది, హాస్టల్ గదులు మిగిలినవే. కాబట్టి మీరూ మీవారూ ఇప్పుడే కూర్చుని, స్కాలర్‌షిప్ ఏమీ రాదనుకుని, నాలుగేళ్లకి ఎంతవుతుందో ఒక కాగితం మీద వేసుకోండి, అది కట్టలేం అనుకుంటే ఆ కాలేజీ లిస్ట్ నుంచి ఇప్పుడే తప్పుకోండి. సీటొచ్చాక "డబ్బుల్లేవమ్మా" అనడం ఇప్పుడు అనడం కంటే పది రెట్లు కష్టం. ఫోన్ వస్తే పాప చెప్పాల్సింది థాంక్యూ, ఎప్పటిలోగా చెప్పాలి, ఎయిడ్ వివరాలు రాతపూర్వకంగా ఎప్పుడొస్తాయి, మేజర్ సీఎస్సేనా, హాస్టల్ గ్యారంటీ ఉందా. అప్పటికి తన మనసు మారి "నేనిక్కడే ఉంటా" అంటే అననివ్వండి, అలా అన్న పిల్లలు ఉన్నారు, బాగానే ఉన్నారు.

మీరు హెచ్1బీ మీద ఉన్నామని, పాప హెచ్4 (మీ వీసా మీద ఆధారపడినది) అని చివర్లో రాశారు. అయితే ఫెడరల్ ఎయిడ్ రాదు, చాలా ప్రైవేట్ కాలేజీలు ఎయిడ్ విషయంలో పాపని ఇంటర్నేషనల్ కింద చూస్తాయి, అలాంటి చోట వెయిట్‌లిస్ట్ నుంచి తీసుకునేటప్పుడు ఫీజు కట్టగలరా లేదా అన్నది లెక్కలోకి రావొచ్చు. ఇన్-స్టేట్ ఫీజు (ఆ స్టేట్ వాళ్ళకుండే తక్కువ ఫీజు) సంగతి స్టేట్‌ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల హెచ్4 పిల్లలకి ఇస్తారు. గ్రీన్ కార్డ్ రాకపోతే 21 ఏళ్లకి హెచ్4 పోతుంది కాబట్టి మధ్యలో స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారాల్సి రావొచ్చు, అప్పుడు ఆ స్టేట్‌లో ఇన్-స్టేట్ ఫీజు ఉంటుందా పోతుందా అన్నది డిపాజిట్ కట్టే ముందే ఆ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుని మెయిల్లో అడిగి జవాబు దాచుకోండి, ఫోన్లో చెప్పిన మాట వద్దు. మీది ఏ స్టేట్, పాపకి 21 ఎప్పుడు నిండుతాయి, గ్రీన్ కార్డ్ క్యూలో మీ ప్రయారిటీ డేట్ ఎంత, ఈ మూడూ రాయండి, మిగతాది చూసి చెప్తాను.